జీడి ఊళ్లో రొట్టెపొడి కోడి

పలాస: దీపాలు పెట్టే వేళకు పలాస - కాశీబుగ్గ జంట పట్టణాల్లో కోడిమాంసం వేయించే బండ్లు రోడ్డు పక్కన బారులు తీరుతున్నాయి. ఒకప్పుడు బజ్జీలు, పకోడీలు, ఉడికించిన శనగలు అమ్మిన చోటనే ఇప్పుడు 'క్రిస్పీ చికెన్' బోర్డులు వెలుగుతున్నాయి. ఎముక తీసిన కోడిముక్కను మైదాలో దొర్లించి, గుడ్డుసొనలో ముంచి, రొట్టెపొడి అద్ది, సలసల కాగే నూనెలో వేయిస్తారు. పైన తీపి, కారం కలిసిన ఎర్రటి సాసు పోసి కాగితపు పళ్లెంలో పెట్టి చేతికిస్తారు. పిల్లలకు ఇది ప్రాణం. పిల్లల పేరు చెప్పి పెద్దలు సైతం రెండు ముక్కలు నోట వేసుకోవడం కద్దు. రుచికి వంక పెట్టడానికి లేదు.

వంక పెట్టవలసింది ఆ పళ్లెంలోకి వస్తున్న సరుకుకు. మైదా మిల్లు నుంచి, రొట్టెపొడి పొట్లం నుంచి, సాసు సీసా నుంచి, ఎరుపు డబ్బా నుంచి వస్తున్నాయి. వీటిలో ఒక్కటీ ఈ ఊరిది కాదు. జీడిపప్పు అనగానే తెలుగువారందరికీ గుర్తుకు వచ్చే ఊరు పలాస. ఇక్కడి కర్మాగారాల నుంచి పప్పు డబ్బాలకెక్కి దేశం నలుమూలలకు వెళుతోంది. విరిగిన పలుకులు, నూక మిఠాయి దుకాణాల కోసం బస్తాలకొద్దీ ఊరు దాటుతున్నాయి. అదే ఊళ్లో కోడిముక్కకు అద్దడానికి ఎండు రొట్టెపొడి తప్ప మరొకటి దొరకలేదంటే వింతగానే ఉంది.

ఇది పరాయి వంట, దీన్ని మానేయాలి అనేవారూ ఉన్నారు. ఆ వాదన నిలవదు. వేయించిన కోడికి ఊరూరా ఒక కథ ఉంది. చికెన్ 65 మద్రాసు మౌంట్ రోడ్డులోని బుహారీ హోటల్లో 1965లో పుట్టిందని ఆ హోటలు వారు చెప్పుకుంటారు. ఇప్పుడు అది తెలుగు పెళ్లిళ్లలో తప్పనిసరి. చైనా పేరు పెట్టుకున్న చికెన్ మంచూరియా 1975లో బొంబాయిలో పుట్టింది. కలకత్తాలో స్థిరపడిన చైనా కుటుంబంలో పుట్టిన నెల్సన్ వాంగ్ అనే వంటవాడు పచ్చిమిర్చి, అల్లం, వెల్లుల్లికి సోయా సాసు, గంజిపొడి చేర్చి దాన్ని తయారుచేశాడని ప్రతీతి. ఇప్పుడు బండ్ల మీద కనిపిస్తున్న తీపికారం కోడికి దగ్గరి చుట్టం దక్షిణ కొరియాలో ఉంది. అక్కడి డేగు నగరంలో 1980 ప్రాంతంలో యూన్ జాంగ్ గే అనే వ్యాపారి వేయించిన కోడికి తమ ఎర్రమిరప కారం, వెల్లుల్లి, తీపిపాకం పట్టించి అమ్మాడు. చల్లారిన కోడి గట్టిపడి తినేవారికి నోరు ఒరుసుకుపోతోందని, ముక్క మెత్తగా ఉండడానికి ఆయన ఈ ఉపాయం చేశాడని చెబుతారు. ఇప్పుడది దేశదేశాల్లో అమ్ముడవుతోంది.

ఈ మూడు చోట్లా జరిగింది ఒకటే. ఎవరి వంటింట్లో ఏది ఉందో దానితో వండారు. పలాసలో మాత్రం వంటతో పాటు పొట్లాన్ని, సీసాను కూడా దిగుమతి చేసుకున్నారు. కోడిని మానమని కాక, పైపూతను మార్చమని ఇక్కడి వ్యాపారులకు, గృహిణులకు చెప్పవలసి ఉంది.

నూకకు ఉన్న విలువ

జీడిపిక్క నుంచి పప్పు ఎలా వస్తుందో పలాస పాఠకులకు చెప్పనక్కర్లేదు. కాని ఆ పప్పులో ఎంత భాగం నూకగా పోతుందో వినియోగదారులు అంతగా పట్టించుకోరు. 80 కిలోల పిక్కల బస్తాను కాల్చి గాని, ఆవిరి పట్టి గాని, పెంకు కొట్టి, వేడిగదిలో ఆరబెట్టి, పొట్టు తీస్తే 20 కిలోల పైచిలుకు పప్పు దక్కుతుంది. అందులో విరగని గుండు పప్పుకే రాజభోగం. 180, 210, 240, 320 అని డబ్బాల మీద కనిపించే అంకెలు పౌనుకు ఎన్ని గుండ్లు తూగుతాయో చెప్పే లెక్క. అంకె పెరిగేకొద్దీ గుండు చిన్నది, ధర తక్కువ. నిలువుగా చీలితే బద్ద. ఆపైన ముక్క, చిన్న పలుకు, చివరకు నూక. మెట్టు దిగేకొద్దీ ధర దిగజారుతుంది. నాలుకకు మాత్రం ఈ మెట్లు తెలియవు. ఒకే గింజ, ఒకే రుచి.

ఈ పని చేసేవారిలో అత్యధికులు స్త్రీలు. పిక్కపెంకులోని జీడినూనె చర్మాన్ని పొక్కించి నల్లబరుస్తుంది. యంత్రాలు వచ్చినా ఇప్పటికీ పప్పు పొట్టు తీయడంలోను, రకాలు వేరు చేయడంలోను వేళ్ల నేర్పు తప్పడం లేదు. గుండు విరిగితే యజమానికి నష్టం కనుక పనిచేసే చేతి మీద ఎప్పుడూ ఒక కన్ను ఉంటుంది. నూకకు ఊళ్లో గిరాకీ పెరిగినంత మాత్రాన వారి కూలి పెరుగుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఆ సంగతి వేరే తేలవలసినదే. అయితే విరిగిన పప్పుకు కాస్త మంచి ధర పలికితే, విరిగిందన్న నెపంతో పడే మాటలకు బలం తగ్గుతుంది.

రైతు సంగతీ అంతే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను ఈ తీరాన్ని దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరితో పాటు జీడితోటలు నేలమట్టమయ్యాయి. అంటుమొక్క నాటినా మూడో ఏటి నుంచి గాని కాపు మొదలు కాదు, పూర్తి దిగుబడికి మరికొన్నేళ్లు పడుతుంది. చెట్లు కోలుకుంటున్న రోజుల్లోనే విదేశీ పిక్కలు ఓడల మీద వచ్చి ఇక్కడి కర్మాగారాలకు చేరడం, వాటిని చూపి స్థానిక పిక్కకు ధర కోయడం రైతులు ఏటా చెప్పుకునే మొరే. రెండు వీధుల్లో కోడి వేయించినంత మాత్రాన ఆ మొర తీరదు. అంత పెద్ద ఆశలు ఈ చిన్న వంట మీద పెట్టడం అమాయకత్వం. కాని తన పంటను తన ఊరివాళ్లే తినని ఊరు బయటివారిని ఏమని ఒప్పించగలదు?

పొడి మారితే పద్ధతీ మారాలి

రొట్టెపొడి తీసివేసి ఆ స్థానంలో జీడినూక పోస్తే సరిపోతుందనుకుంటే చేదు ముక్కలే మిగులుతాయి. ఉత్సాహపడి ఒకసారి ప్రయత్నించి, మాడిపోయిందని వదిలేసేవారు ఇక్కడే పొరపడతారు.

రొట్టెపొడి కరకరలాడడానికి కారణం సులువైనదే. వేడి నూనెలో పడగానే పూతలోని తడి ఆవిరై బుడగలుగా బయటికి పోతుంది. ఆ తడి ఉన్న చోట సన్నని ఖాళీలు ఏర్పడి, పిండి బిగిసి గట్టిపడుతుంది. పొడి అద్దడానికి ముందు పూసే పిండి, గుడ్డుసొన జిగురులా పనిచేసి పొడిని ముక్కకు పట్టి ఉంచుతాయి. రొట్టెపొడిలో ఉన్నది దాదాపుగా పిండిపదార్థమే కనుక అది బలమైన మంటకు ఓర్చుకుంటుంది. జీడిపప్పు అలా కాదు. అందులో నూటికి 45 పాళ్ల వరకు కొవ్వే. మిగిలిన దానిలో మాంసకృత్తులు, కొంత చక్కెర ఉంటాయి. అవి త్వరగా ఎర్రబడి, చూస్తుండగానే నల్లబడతాయి. లోపలి మాంసం ఉడకడానికి పట్టే సమయం పైనున్న జీడిపప్పుకు మృత్యుకాలం.

దీనికి పాతకాలపు వంటలోనే మార్గం ఉంది. ముక్కను ముందుగా ఆవిరిపై ఉడికించి, పూర్తిగా చల్లార్చి, ఆ తరువాత పూత పట్టించాలి. అప్పుడు నూనెలో ముక్కకు జరగవలసిన పని పైపూత వేగడమే. మూడు, నాలుగు నిమిషాలు చాలు. లోపల పచ్చి మిగిలిందేమోనన్న బెంగ కూడా ఉండదు.

కిలో కోడిమాంసానికి ఒక లెక్క ఇలా వేసుకోవచ్చు. అరచేతిలో సగానికి మించని ముక్కలు కోసి, చిన్న కప్పు గట్టి పెరుగు, అల్లం వెల్లుల్లి ముద్ద, పసుపు, ఎండుమిరప కారం, ఒక చిన్న చెంచా ఉప్పు పట్టించి గంటసేపు ఉంచాలి. ఆపై ఆవిరి పాత్రలో పది పన్నెండు నిమిషాలు ఉడికించాలి. ముక్క మధ్యలో గాటు పెడితే ఎరుపు కనిపించకూడదు. దిగిన నీటిని పారబోయకుండా పక్కన పెడితే పాకంలోకి పనికి వస్తుంది. ముక్కలు చల్లారాక గుడ్డతో తడి అద్ది, సన్నని బియ్యప్పిండి చల్లాలి. 50 గ్రాములు సరిపోతుంది. పైన గిలక్కొట్టిన గుడ్డు. చివరగా 100 గ్రాముల జీడినూకలో అంతే బరువు దంచిన అటుకులు కలిపి గట్టిగా అద్దాలి.

అటుకులు ఎందుకంటే, వట్టి జీడినూక మెత్తని కరకర మాత్రమే ఇస్తుంది. అటుకులు పొంగి పూతకు బిగువు ఇస్తాయి, ఖర్చునూ తగ్గిస్తాయి. నూకను మిక్సీలో వేసి పరుగెత్తించరాదు. నూనె దిగి ముద్ద అవుతుంది. రోట్లో నాలుగు పోట్లు వేసినా, గుడ్డలో మూటకట్టి అప్పడాల కర్రతో నలిపినా బొంబాయి రవ్వ పరిమాణానికి వస్తుంది. వేయించి ఉప్పు చల్లిన పప్పు కాక, పచ్చి పప్పు పలుకులే వాడాలి. పూత పట్టించిన ముక్కలను పళ్లెంలో పరిచి పావుగంట కదపకుండా ఉంచితే పూత నూనెలో రాలిపోదు. బండ్ల వారు తొందరలో వదిలేసే మెట్టు ఇదే. నూనె అడుగున తేలే నల్లటి మడ్డి దానికి సాక్ష్యం.

మంట మధ్యస్థంగా ఉండాలి. ఒక పలుకు వేసి చూస్తే అది నెమ్మదిగా, సన్నని బుడగలతో పైకి రావాలి. చివ్వున లేచి ఎర్రబడితే నూనె ఎక్కువ కాగిందని అర్థం. ముక్క తేనెరంగుకు రాకముందే తీసివేయాలి. తీసిన తరువాత కూడా లోపలి వేడికి రంగు ఒక మెట్టు ముదురుతుంది. కాగితంపై కుప్పగా పోస్తే ఆవిరికి అడుగువి మెత్తబడతాయి. జల్లెడలోనో, వెదురు చేటలోనో విడివిడిగా పరచాలి.

నూనె విషయంలో ఒక మాట. మళ్లీ మళ్లీ కాచిన నూనెలో చెడు పదార్థాలు నూటికి 25 పాళ్లు దాటితే దాన్ని వంటకు వాడరాదని దేశమంతటా 2018 జులై 1 నుంచి నిబంధన అమలులో ఉంది. జీడినూక రాలిన నూనె రొట్టెపొడి రాలిన నూనె కన్నా త్వరగా నల్లబడుతుంది. ఏ వాయికి ఆ వాయి వడగట్టుకోవాలి. మరునాటికి దాచడం అసలు కూడదు. జీడి పేరు చెప్పి నల్లనూనెలో వేయించే పక్షంలో ఉన్న రొట్టెపొడే మేలు.

ఉప్పు, ఎరుపు

పైన పోసే సాసు దగ్గరకు వస్తే ఇది కేవలం రుచుల తగాదాగా మిగలదు. ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి ఎన్ని ఇళ్లలో దీపాలు ఆర్పిందో ఈ ప్రాంతం వారికి వేరే చెప్పనక్కర్లేదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు, మందస, పలాస మండలాల్లో చక్కెర వ్యాధి, రక్తపోటు లేనివారికి కూడా ఇది వస్తోంది. దేశ విదేశాల నిపుణులు వచ్చి పరిశోధించినా కారణం ఇదమిత్థమని తేలలేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం, ఉద్దానం పల్లెలకు 700 కోట్ల రూపాయల తాగునీటి పథకం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి.

వ్యాధికి ఉప్పే కారణమని ఎవరూ అనడం లేదు. అనరాదు కూడా. కాని మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి వైద్యులు మొదట చెప్పే జాగ్రత్తల్లో ఉప్పు తగ్గించడం ఒకటి. ఆరోగ్యవంతుడు కూడా రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు ఉప్పే తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే ఒక చిన్న చెంచాడు. ఒక పెద్ద చెంచా సోయా సాసులోనే రెండు గ్రాములకు పైగా ఉప్పు ఉంటుంది. దానికి మిరప సాసు, టమాటా సాసు, రొట్టెపొడిలో ముందే కలిసిన ఉప్పు, మాంసానికి పట్టించిన ఉప్పు, అజినోమోటోలోని సోడియం తోడవుతాయి. సాసు తియ్యగా ఉండడంతో నాలుక ఆ ఉప్పును పసిగట్టలేదు. తీపికారం పూతలో ఉన్న అసలు మోసం ఇదే. ఏ ఊళ్లోనైనా ఇది ఆలోచించవలసిన సంగతి. ఉద్దానం ముంగిట ఉన్న ఊళ్లో మరీను.

రంగు సంగతి మరొకటి. కర్ణాటక ప్రభుత్వం 2024 మార్చిలో గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులను నిషేధించింది. బట్టలకు వేసే రోడమిన్-బి రంగు తినుబండారాల్లో కనిపించడం అందుకు ఒక కారణం. అదే ఏడాది జూన్‌లో కోడి, చేప కబాబులకు కూడా ఆ నిషేధాన్ని వర్తింపజేసింది. ఇక్కడి బండ్లలో ఏ రంగు వాడుతున్నారో పరీక్షించి చెప్పవలసింది ఆహార భద్రతా అధికారులు. ముక్క తిన్న తరువాత రెండుసార్లు కడిగినా వేళ్లకు ఎరుపు వదలకపోతే కొనుగోలుదారు అనుమానించడంలో తప్పు లేదు.

ఈ రెండింటికీ విరుగుడు ఇంటి పోపులపెట్టెలోనే ఉంది. 75 గ్రాముల బెల్లాన్ని కొద్ది నీళ్లలో కరిగించి వడగట్టాలి. నిమ్మకాయంత చింతపండు పులుసు, నానబెట్టి రుబ్బిన ఆరేడు ఎండుమిరపకాయలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, చిటికెడు మిరియాల పొడి చేర్చి సన్నని సెగ మీద మరిగించాలి. మాంసం దిగిన నీటిలో ఉన్న ఉప్పు దీనికి చాలు. వేరే వేయనక్కర్లేదు. పులుపు, కారం పదునుగా ఉన్నప్పుడు ఉప్పు తక్కువైన సంగతి నాలుక పట్టించుకోదు. చెంచా వెనుక పూతలా నిలిచే దశలో దించాలి. తీగపాకం వస్తే ముక్కకు పట్టి బెల్లపు అచ్చులా బిగుసుకుంటుంది. గింజ తీసి వేడినీళ్లలో నానబెట్టిన మిరపతొక్కు ఇచ్చే ఎరుపు డబ్బా ఎరుపంత మెరవదు. అయినా చూపుకు నిండుగానే ఉంటుంది.

పాకాన్ని ముక్క మీద పోసేది పళ్లెం చేతికిచ్చే ముందే. పోసి పావుగంట గడిస్తే అంత శ్రమపడి తెచ్చిన కరకర తడిసిపోతుంది. ఇంటికి పట్టుకువెళ్లేవారికి పాకం వేరే పొట్లం కట్టి ఇవ్వడం న్యాయం.

చెట్టు కింద పోతున్న పండు

జీడి కాపు కాలంలో, అంటే మార్చి నుంచి మే వరకు, ఈ పాకానికి బెల్లం సగమే చాలు. మిగిలిన తీపికి ఉద్దానం తోటల్లో నేల మీద పడి ఉన్న జీడిమామిడి పండు ఉంది. పిక్క బరువుకు పండు బరువు ఆరేడు రెట్లు. పిక్క ఏరుకుని పండును చాలావరకు అక్కడే వదిలేస్తారు. పశువులు తిన్నంత తినగా మిగిలినది ఒకటి రెండు రోజుల్లో పులిసి, ఈగలు ముసిరి, మట్టిలో కలిసిపోతుంది. గోవాలో ఇదే పండు నుంచి తీసే ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పలాస సారా కాయనక్కర్లేదు గాని, పాకమైనా కాయవచ్చు కదా.

పండుకు ఉన్న చిక్కు వగరు. గొంతు పట్టేసే ఆ వగరుకు భయపడే దాన్ని ఎవరూ వంటింట్లోకి రానివ్వరు. పండును ముక్కలు చేసి కాసేపు ఆవిరి పట్టి రసం పిండి, అందులో పలుచని గంజి గాని, సగ్గుబియ్యం జావ గాని కలిపి కదపకుండా ఉంచితే వగరులో చాలా భాగం అడుగుకు దిగుతుంది. పైన తేరిన రసాన్ని వంచుకుని పాకంలో కాచుకోవచ్చు. ఉప్పునీటిలో ఉడికించే పద్ధతి కూడా ఉంది. ఉప్పు తగ్గించాలన్న పట్టుదలతో మొదలైన వంటకు అది నప్పదు. ఈ పండులో విటమిన్ 'సి' నారింజను మించి ఉన్నా, కాచినప్పుడు చాలావరకు పోతుంది. ఆరోగ్యం పేరు చెప్పి అమ్మబోవడం అనవసరం. దాని వాసన చాలు. జీడిపూత, జీడిపలుకు, జీడిపండు పాకం ఒకే పళ్లెంలో కలిసే అవకాశం దేశంలో ఎన్ని ఊళ్లకు ఉంది?

కర్ణాటకలోని పుత్తూరు జీడి పరిశోధన కేంద్రంలో పండుతో చేసే పదార్థాలపై ఏళ్లుగా పని జరిగింది. మన రాష్ట్రంలో బాపట్లలో జీడి పరిశోధన స్థానం ఉంది. జిల్లాలోనే ఆమదాలవలసలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. కాపు కాలంలో ఉద్దానం గ్రామాల్లో డ్వాక్రా మహిళలకు రసం తీసి, వగరు విరిచి, సీసాల్లో నిలవ చేసే పని రెండు రోజులు చేయించి చూపితే ఏడాది పొడుగునా బండ్లకు సరిపడే పాకం తయారవుతుంది. ఉద్యానశాఖ మొక్కలు పంచడంతో తన బాధ్యత తీరిందనుకోవడం భావ్యం కాదు.

ఖరీదు మాట

బండి యజమాని అడిగే మొదటి ప్రశ్న ధర. అది న్యాయమైన ప్రశ్న. నూక ఎంత చౌకైనా రొట్టెపొడికి సాటి రాదు. కిలో మాంసానికి పడే 100 గ్రాముల నూక ఖర్చును ఆరు పళ్లాలకు పంచితే పళ్లేనికి కొంత అదనంగానే పడుతుంది. సాసు సీసాలు, రంగు, అజినోమోటో ఖర్చు తగ్గినా ఆ తేడా పూర్తిగా పూడదు. పాకం రోజూ కాయడానికి శ్రమ కూడా ఎక్కువ. కాబట్టి బండ్లన్నీ రేపటి నుంచే మారాలని కోరడం అత్యాశ.

మారగలిగినవారు ముందు మారాలి. పలాసలో ఆగి జీడిపప్పు పొట్లం కొనుక్కునే జాతీయ రహదారి ప్రయాణికుడు, రైలు దిగే బంధువు, శివసాగరం తీరానికి వచ్చే షికారువాడు పది రూపాయలు ఎక్కువ పెట్టడానికి వెనుకాడరు. వారికి కావలసింది పలాసలో తప్ప దొరకని పదార్థం. హైదరాబాదులోనూ, విశాఖలోనూ దొరికే ఎర్ర సాసు కోడి కోసం ఎవరూ కాశీబుగ్గలో కారు ఆపరు. రహదారి హోటళ్లు మొదలుపెడితే బండ్లు తామే అనుసరిస్తాయి.

కర్మాగారాల వారి వంతు కూడా కొంత ఉంది. నూకను బస్తాల్లో అమ్మడమే వారికి అలవాటు. పావుకిలో, అరకిలో పొట్లాలు గాలి చొరకుండా కట్టి ఊరి కిరాణాల్లో పెట్టడం వారికి కష్టమైన పని కాదు. విరిగిన పప్పుకు గాలి ఎక్కువ తగిలి త్వరగా కారు వాసన వస్తుంది. సముద్రపు తేమ ఉన్న ఈ ప్రాంతంలో పురుగు కూడా తొందరగా పడుతుంది. విప్పిన బస్తాలోంచి దోసిళ్లతో తూచి ఇచ్చే నూకతో ఈ వంట ఒకసారి చేసినవారు రెండోసారి చేయరు.

ఇందులో ఎవరికి ఏది కూడదో దాచిపెట్టడం తగదు. ఉప్పు తగ్గించినంత మాత్రాన ఇది మూత్రపిండాల రోగులకు పథ్యం కాదు. జీడిపప్పు, బెల్లం, చింతపండు మూడింటిలోనూ పొటాషియం ఉంది. చాలామంది రోగులకు దానిపైనా ఆంక్ష ఉంటుంది. వైద్యుని అడగకుండా వారు ముట్టరాదు. జీడిపప్పు పడనివారు కూడా ఉన్నారు. కొందరికి ఒక్క పలుకుతో దద్దుర్లు, వాంతులు, ఊపిరి ఆడని స్థితి వస్తుంది. రొట్టెపొడి అనుకుని పిల్లవాడి నోట్లో పెట్టే తల్లికి ఆ సంగతి ముందే తెలియాలి. ఈ పూత వాడే ప్రతి బండి, ప్రతి హోటలు 'ఇందులో జీడిపప్పు ఉంది' అన్న మాటను ధరల పట్టిక పక్కనే, దీపం వెలుతురు పడే చోట, దూరానికి కనిపించే అక్షరాల్లో రాయించాలి. రొట్టెపొడి కోడి, జీడి కోడి రెండూ అమ్మేవారు వాటికి మూకుళ్లు, నూనె వేరువేరుగా పెట్టుకోవాలి.